పిల్లి నోటి నుంచి చొంగ కారుతోంది, చేతిలో డబ్బు లేదు

ప్రశ్న: మాది గుంటూరు. మావారు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా పిల్లి చిట్టికి ఆరేళ్ళు దాటాయి. 12 రోజులుగా దాని నోటి నుంచి చొంగ కారుతోంది. దగ్గరికి వస్తే దుర్వాసన. చేపముక్కను ఆశగా కరుచుకుని, మరుక్షణం అరిచి వదిలేస్తోంది. పాలలో నానబెట్టిన ఇడ్లీ మాత్రం కాస్త నాకుతోంది. దానికి టీకాలు ఎప్పుడూ వేయించలేదు. నిన్న నోరు తెరిచి చూడబోతే మా అబ్బాయి వేలిమీద గీరింది, కొద్దిగా రక్తం వచ్చింది. ఒక ప్రైవేటు క్లినిక్కులో రక్తపరీక్షలు, ఎక్స్‌రే, మత్తిచ్చి పళ్ళు తీయడం అన్నీ కలిపి రూ.9,000 అవుతుందన్నారు. యార్డుకు వేసవి సెలవులు కావడంతో ఆదాయం లేదు. వచ్చే నెల అబ్బాయి ఫీజు కట్టాలి. పిల్లికి ఆసుపత్రేమిటి, దానంతటదే తగ్గుతుందని మా అత్తగారు అంటున్నారు. నొప్పికి పారాసిటమాల్ సగం బిళ్ళ వేయవచ్చా? మా పరిస్థితిలో దానికి ఖర్చు పెట్టడం తప్పా?

జవాబు: అమ్మా, మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోయిన విషయంతోనే నేను మొదలుపెట్టవలసి వస్తోంది. ఈ సమాధానం చదవగానే ముందు మీ అబ్బాయిని గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. టీకాలు లేని పిల్లి, చొంగ కారుస్తున్న పిల్లి, రక్తం వచ్చేలా గీరినప్పుడు, అది ఎంత చిన్న గీత అయినా రేబిస్ టీకా మొదలుపెట్టవలసిందే. ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ టీకా ఉచితం. గాయాన్ని నిన్న కడగకపోయి ఉంటే ఇప్పుడైనా సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలపాటు కడగండి. కారం, సున్నం, పసుపు వంటివేవీ దానిమీద పెట్టవద్దు. రక్తం వచ్చిందని డాక్టరుకు తప్పకుండా చెప్పండి, ఎందుకంటే అటువంటి గాయాలకు టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే మందు) కూడా ఇవ్వవలసి ఉంటుంది. టీకాను చర్మంలోకి ఇస్తే మొదటి రోజు, ఆ తర్వాత 3వ, 7వ, 28వ రోజుల్లో వేస్తారు. పిల్లి 10 రోజులపాటు బాగానే ఉంటే మిగిలిన మోతాదుల సంగతి ఆ డాక్టరే నిర్ణయిస్తారు. ఆ నిర్ణయం మీరు తీసుకోవద్దు.

ఇది చదివి చిట్టిని చూసి భయపడవద్దు. మీరు చెప్పిన లక్షణాలు రేబిస్ కంటే నోటి జబ్బువైపే ఎక్కువగా మొగ్గు చూపుతున్నాయి. రేబిస్ సోకిన పిల్లి ప్రవర్తన ఉన్నట్టుండి మారిపోతుంది, దవడ వేలాడుతుంది, నడక తూలుతుంది, లక్షణాలు బయటపడ్డాక రోజుల వ్యవధిలోనే ప్రాణం పోతుంది. 12 రోజులుగా చొంగ కారుస్తూ, మిమ్మల్ని గుర్తుపడుతూ, ఆకలితో చేపముక్క దగ్గరికి వచ్చి, నొప్పి పుట్టి వదిలేస్తున్న పిల్లి కథ వేరు. అయినా పరీక్ష పూర్తయ్యేదాకా దాని నోట్లో ఎవరూ వేలు పెట్టవద్దు. చొంగ తుడిచేటప్పుడు చేతికి ప్లాస్టిక్ కవరైనా తొడుక్కోండి, ఆ తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఇక పారాసిటమాల్ సంగతి. వేయవద్దు. సగం కాదు, పావు కూడా వద్దు. మన కాలేయం ఆ మందును విరిచి బయటికి పంపగలుగుతుంది, కాని ఆ పనికి కావలసిన ఎంజైము పిల్లి కాలేయంలో చాలా తక్కువ. అందువల్ల ఆ మందు విషంగా మారి, రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని కోల్పోతుంది. చిగుళ్ళు గోధుమరంగుకో నీలానికో తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, ఊపిరి భారమవుతుంది. 4 కిలోల పిల్లికి 500 మిల్లీగ్రాముల బిళ్ళలో సగం చాలు, ప్రాణం తీయడానికి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి మనుషుల నొప్పి మాత్రలు కూడా అంతే ప్రమాదకరం. పశువైద్యుడిగా నా ఉద్యోగకాలంలో, జబ్బు వల్ల చనిపోనవసరం లేని పిల్లులు ఇంట్లోవాళ్ళు ప్రేమతో వేసిన బిళ్ళ వల్ల చనిపోవడం చూశాను. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను. ఒకవేళ ఇప్పటికే వేసి ఉంటే ఏమీ దాచకుండా, ఎంత వేశారో, ఎప్పుడు వేశారో డాక్టరుకు వెంటనే చెప్పండి. సమయానికి తీసుకువెళితే దానికి విరుగుడు మందు ఉంది.

కుక్కలాగా పిల్లి మామూలుగా చొంగ కార్చదు. ఒడిలో పడుకుని గుర్రుగుర్రుమంటూ కాళ్ళతో తొక్కేటప్పుడు కొన్ని పిల్లులు సంతోషంతో రెండు చుక్కలు కారుస్తాయి. చేదు మందు నాలుకకు తగిలినా, వాహనంలో భయపడినా, కడుపులో తిప్పినా కాసేపు కారి ఆగిపోతుంది. ఇవేవీ కాకుండా రోజుల తరబడి కారుతూ, దానికి దుర్వాసన తోడై, గట్టి తిండి నోట పెట్టగానే అరుస్తోందంటే నోట్లో నొప్పి ఉందనే అర్థం. ఆకలి చచ్చిపోయిన పిల్లి తిండి వంక చూడదు. చిట్టి ఆశగా వచ్చి వదిలేస్తోంది. అంటే ఆకలి ఉంది, నమలలేకపోతోంది. మీ ఉత్తరంలో నాకు ధైర్యం కలిగించిన వాక్యం అదే.

ఈ వయసు పిల్లుల్లో ఇందుకు తరచుగా కనిపించే కారణాలు మూడు నాలుగు ఉన్నాయి. పళ్ళ మీద గార పేరుకుని చిగుళ్ళు వాచి చీము పట్టడం ఒకటి. చిగురు అంచు దగ్గర పన్ను తనంతట తానే కరిగి గుంట పడటం మరొకటి. మనుషుల పుచ్చుపన్నులాగా దీనిని సిమెంటుతో పూడ్చడం కుదరదు, ఆ పన్నును తీసేయడమే మార్గం. మూడవది, నోరంతా, ముఖ్యంగా దవడల వెనుక భాగం, ఎర్రగా పుండులా మారే దీర్ఘకాలిక వాపు. ఇందులో పిల్లి శరీరంలోని రక్షణశక్తి తన పళ్ళ చుట్టూ ఉన్న కణజాలం మీదే తిరగబడుతుంది. టీకాలు లేని పిల్లుల్లో, పిల్లులకు సోకే కాలిసీ అనే వైరస్ వల్ల నాలుకమీద పుండ్లు పడటం కూడా మామూలే. మూత్రపిండాలు దెబ్బతిన్నా నోట్లో పుండ్లు, దుర్వాసన వస్తాయి. చిట్టి మునుపటికంటే ఎక్కువగా నీళ్ళు తాగుతోందా, ఎక్కువగా మూత్రం పోస్తోందా అన్నది గమనించి డాక్టరుకు చెబితే ఆయనకు సగం దారి దొరుకుతుంది. ముసలి పిల్లుల్లో నాలుక కింద కంతి వచ్చే అవకాశం ఉంది గాని, చిట్టి వయసుకు నేను దానిని మొదట అనుమానించను.

మీరు జాకెట్లు కుడతానని రాశారు. మీకది మీ సంపాదన గురించిన మాట కావచ్చు, కాని నాకది రోగలక్షణంతో సమానమైన సమాచారం. పిల్లి నాలుక మీద ముళ్ళన్నీ గొంతువైపు తిరిగి ఉంటాయి. అందువల్ల దారం ఒకసారి నాలుకకు చిక్కితే ఉమ్మేయడం దానికి చేతకాదు, లోపలికి మింగుతూనే పోతుంది. దారం మధ్యభాగం నాలుక కింద మెలిక పడి, మిగిలినది పేగులోకి జారితే ఏమవుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. పావడాకు కుచ్చులు పెట్టేటప్పుడు ఒక్క దారం లాగితే బట్ట అంతా ఎలా ముడుచుకుంటుందో, పేగు కూడా అలాగే ముడుచుకుని, చివరికి ఆ దారానికే కోసుకుపోతుంది. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో, చొంగ కారుస్తున్న ఒక పిల్లికి నేను చిగుళ్ళు మాత్రమే చూసి రెండు ఇంజెక్షన్లు ఇచ్చి పంపాను. నాలుగో రోజు వాంతులతో మళ్ళీ తెచ్చారు. అప్పుడు నాలుక ఎత్తి చూస్తే, మాంసంలోకి దిగిపోయిన నల్లదారం కనిపించింది. ఆ పిల్లి బతకలేదు. ఆనాటి నుంచి నాలుక కింద చూడకుండా ఏ పిల్లినీ పంపలేదు. చిట్టికి వాంతులవుతున్నాయని మీరు రాయలేదు, కాస్తో కూస్తో తింటోంది కాబట్టి దారం అయి ఉండే అవకాశం తక్కువే. అయినా డాక్టరు బల్ల ముందు నిలబడగానే, “నేను ఇంట్లో కుట్టుపని చేస్తాను, దయచేసి నాలుక కింద ఒకసారి చూడండి” అని చెప్పండి. నోటి నుంచి గాని, మలద్వారం నుంచి గాని దారం కొస ఎప్పుడైనా కనిపిస్తే లాగవద్దు, కత్తిరించవద్దు. అలాగే తీసుకువెళ్ళండి.

విషం వల్ల కారే చొంగ ఇలా రోజుల తరబడి సాగదు, ఒక్కసారిగా ముంచుకొస్తుంది. ఫినాయిలు వేసి తుడిచిన నేల మీద నడిచి పాదాలు నాకడం, బీరువాలోని కలరా ఉండ కొరకడం, కప్పను పట్టుకోవడం, కుక్కలకు పిడుదుల కోసం వేసే పెర్మెత్రిన్ చుక్కలను పిల్లి మెడమీద వేయడం, ఇవన్నీ అందుకు కారణాలు. వీటిలో చివరిది పిల్లులకు ప్రాణాంతకం. చిట్టి విషయంలో ఇది కాదనుకుంటున్నాను గాని, ఈ శీర్షిక చదివే ఇతరులకు పనికి వస్తుందని రాస్తున్నాను.

ఇప్పుడు డబ్బు మాట. ఆ క్లినిక్కువారు చెప్పిన రూ.9,000 అన్యాయమని నేను అనను. మత్తుమందు, ఎక్స్‌రే, పళ్ళు తీయడం, ఆ తర్వాతి మందులు నిజంగానే ఖర్చుతో కూడినవి. కాని అదంతా ఒకే రోజు, ఒకే చోట కట్టవలసిన మొత్తం కాదు. వైద్యంలో ప్రతి మెట్టుకూ ఒక ధర ఉంటుంది, అన్నిటికంటే చవకైన మెట్టు మొదటిది. అనుభవం ఉన్న డాక్టరు వెలుతురులో నోరు తెరిచి రెండు నిమిషాలు చూస్తే, మీకు కావలసిన సమాధానంలో చాలా భాగం అక్కడే దొరుకుతుంది. డబ్బు చాలదేమోనన్న భయంతో ఆ మొదటి మెట్టును కూడా వాయిదా వేయడమే మన ఇళ్ళలో జరిగే పొరపాటు. ఆ వాయిదా వల్ల ఒక పన్నుతో పోయేది నాలుగు పళ్ళవుతుంది, తినలేని పిల్లికి సెలైన్లు ఎక్కించవలసి వస్తుంది, చివరికి బిల్లు రెట్టింపవుతుంది.

గుంటూరులోని ప్రభుత్వ పశువైద్యశాలకు ఉదయం ఓపీ వేళకు వెళ్ళండి. పశువుల ఆసుపత్రి అంటే గేదెలకూ ఆవులకూ మాత్రమేనని చాలామంది అనుకుంటారు. కుక్కలనూ పిల్లులనూ కూడా అక్కడ చూస్తారు. నోరు పరీక్షించడం, బరువు, జ్వరం చూడటం, నొప్పి తగ్గించే మందు, అవసరమైతే యాంటీబయాటిక్, ఇవి అక్కడ మీ శక్తికి మించవు. అక్కడ పళ్ళు తీసే సౌకర్యం లేదంటే, కృష్ణా జిల్లా గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన ఆ కళాశాలలో చికిత్సాలయం నడుస్తుంది. విద్యార్థులు నేర్చుకునే చోటు కాబట్టి ఆచార్యులు కేసును తీరికగా, వివరంగా చూస్తారు. ప్రైవేటుతో పోలిస్తే ఖర్చు కూడా తక్కువ. గుంటూరు నుంచి విజయవాడ మీదుగా వెళ్ళాలి, ఒక పూట పోతుంది. ముందుగా ఫోను చేసి ఓపీ వేళలు, పళ్ళు తీసే రోజులు కనుక్కుని బయలుదేరితే ఆ శ్రమ వృథా కాదు.

ఎక్కడికి వెళ్ళినా డాక్టరు దగ్గర మొహమాటపడకండి. “అయ్యా, ఈ నెల నేను ఇంతవరకే పెట్టగలను. ఇందులో ఈ రోజు తప్పనిసరిగా చేయవలసినది ఏది, వారం రెండు వారాలు ఆగగలిగినది ఏది?” అని అడగండి. డబ్బు సంగతి ముందే చెప్పినవారిని చూసి నేను ఎన్నడూ చిన్నచూపు చూడలేదు, నాతో పనిచేసినవారెవరూ చూడలేదు. చెప్పకుండా చీటీ తీసుకుని, మందులు కొనకుండా ఇంటికి పోయినవారి విషయంలోనే మేము ఏమీ చేయలేకపోయేవాళ్ళం. నన్ను అడిగితే వరుస ఇలా ఉంటుంది. ముందు నోటి పరీక్ష, నొప్పి మందు. ఆ తర్వాత మత్తు ఇవ్వడానికి ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష. దీనిని మాత్రం డబ్బు కోసం వదులుకోవద్దు, ఎందుకంటే మూత్రపిండాలు బాగాలేని పిల్లికి మత్తుమందూ, నొప్పిమందూ రెండూ ప్రమాదమే. మిగతా పరీక్షల్లో ఏవి చికిత్సను మారుస్తాయో అడిగి, మార్చనివాటిని వదిలేయవచ్చు. పళ్ళు తీయవలసి ఉంటే ఒకసారి ఖర్చు పెట్టి తీయించడమే, నెలనెలా స్టీరాయిడ్ ఇంజెక్షన్లతో నెట్టుకురావడం కంటే చవక. ఆ ఇంజెక్షన్లు వాపును తాత్కాలికంగా అణచుతాయి, మళ్ళీ మళ్ళీ వేస్తే మధుమేహం వచ్చే ప్రమాదం ఉంది. పళ్ళు లేకపోతే ఎలా తింటుందని దిగులుపడకండి. నొప్పి పోయిన పిల్లి చిగుళ్ళతోనే మెత్తటి తిండి చక్కగా తింటుంది.

ప్రైవేటు క్లినిక్కులోనే చేయించవలసి వస్తే, వాయిదాల్లో కడతామని అడగడం తప్పు కాదు. దగ్గరివారి వద్ద చేబదులు తీసుకోవచ్చు. అధిక వడ్డీకి అప్పు మాత్రం తేవద్దు, బంగారం కుదువ పెట్టవద్దు. ఆ అవసరం రాకుండానే దీనికి దారి ఉంది.

డాక్టరును కలిసేదాకా చిట్టి తినడం ఆగకుండా చూడండి. రెండు మూడు రోజులు పూర్తిగా తినకపోతే పిల్లి ఒంట్లోని కొవ్వు కాలేయంలో పేరుకుని కామెర్లు వస్తాయి, అప్పుడు అసలు జబ్బు కంటే అదే పెద్ద జబ్బవుతుంది. పాలు, ఇడ్లీ దానికి బలం ఇవ్వవు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు అవుతాయి. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా చికెన్ ఉడికించి, ఆ నీటితోనే జావలా మెత్తగా రుబ్బి, గోరువెచ్చగా పెట్టండి. వెచ్చగా ఉంటే వాసన బాగా తెలిసి ముందుకు వస్తుంది. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను పాడుచేస్తాయి కాబట్టి కూరలో చికెన్ కడిగి పెట్టడం కూడా వద్దు. చేప పెడితే ఒక్క ముల్లు కూడా లేకుండా ఏరి మెదిపి పెట్టండి. బలవంతంగా నోట్లో పోయవద్దు, పొరబోతుంది.

ఒక్క పూట కూడా ఆగకూడని పరిస్థితులు కొన్ని ఉన్నాయి. నోరు తెరిచి రొప్పడం, చిగుళ్ళు తెల్లగానో నీలంగానో పసుపుగానో మారడం, దవడ వేలాడటం, తూలడం, చొంగలో రక్తం ఎక్కువగా పడటం, ఒక రోజంతా ఏమీ ముట్టకపోవడం, పదేపదే వాంతులు. వీటిలో ఏది కనిపించినా దగ్గరలో ఉన్న ఏ పశువైద్యుడి దగ్గరికైనా వెంటనే వెళ్ళండి, అప్పుడు డబ్బు లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. పడుకుని ఉన్నప్పుడు పిల్లి నిమిషానికి 30 కంటే తక్కువ సార్లే ఊపిరి తీస్తుంది. గడియారం పెట్టుకుని పొట్ట కదలికలు లెక్కపెడితే మీకే తెలుస్తుంది.

తీసుకువెళ్ళేటప్పుడు చేతుల్లో ఎత్తుకుని ఆటో ఎక్కవద్దు. మూత బిగించగల ప్లాస్టిక్ బుట్టలో, గాలి ఆడేలా, దాని వాసన ఉన్న పాత చీరముక్క వేసి కూర్చోబెట్టండి. గుంటూరు ఎండలు మీకు తెలియనివి కావు, ఎండ ఎక్కకముందే బయలుదేరండి. అది తినబోయి అరిచి వదిలేసే దృశ్యాన్ని ఫోనులో వీడియో తీసి పెట్టుకోండి. ఆసుపత్రి బల్ల మీద భయంతో బిగుసుకుపోయిన పిల్లి ఇంట్లో చేసేవేవీ అక్కడ చేయదు. చొంగ ఎప్పుడు మొదలైంది, ఇంట్లో కొత్తగా ఏ మందులు చల్లారు, మూత్రం ఎలా పోస్తోంది, ఇవన్నీ ఒక కాగితంమీద రాసుకోండి. అబ్బాయిని గీరిన సంగతి ఆ డాక్టరుకు కూడా ముందే చెప్పాలి, ఆయనా ఆ నోట్లోనే చేయి పెడతారు కదా.

మీ అత్తగారు అన్నమాట కఠినమైనదని నేను అనుకోవడం లేదు. ఒక రోజు కూలి పోతే మరుసటి రోజు పొయ్యి వెలగని కాలం చూసినవారు పశువుకు పెట్టే ఖర్చును అలాగే తూకం వేస్తారు. గేదెకు జబ్బు చేస్తే అదే పెద్దావిడ డాక్టరుకోసం పరిగెత్తి ఉండేవారు, ఎందుకంటే గేదె పాలిచ్చేది. ఆమెతో వాదించకండి. చిట్టి చేపముక్క వదిలేసి అరిచినప్పుడు ఒకసారి ఆమెను పక్కన కూర్చోమనండి. దానంతటదే తగ్గే నొప్పి 12 రోజులు ఉండదని ఆమెకే తెలుస్తుంది. అబ్బాయి ఫీజు డబ్బును మాత్రం ముట్టుకోవద్దు, అది విడిగానే ఉండాలి. ఈ నెల మీరు ఎంత పెట్టగలరో మీరూ మీవారూ కూర్చుని ఒక అంకె అనుకుని, ఆ అంకెతోనే ఆసుపత్రికి వెళ్ళండి. ఆ అంకె చిన్నదైనా, దానితో చిట్టి నొప్పిని తగ్గించవచ్చు. ఆరేళ్ళు మీ ఇంట్లో పెరిగిన ప్రాణికి నొప్పి తగ్గించడం తప్పు ఎలా అవుతుందమ్మా?

నోరు మానాక, డాక్టరు సరేనన్నప్పుడు దానికి రేబిస్ టీకా, పిల్లులకు వేసే ఇతర టీకాలు వేయించండి. ఏడాదికొకసారి వేసే రేబిస్ టీకాకు అయ్యే ఖర్చు తక్కువే, పైగా మీ అబ్బాయికి ఇప్పుడు పట్టుకున్న భయం మళ్ళీ రాదు. చిట్టి జబ్బు ఏదని తేలినా, మీ దారపు రీళ్ళూ సూదులూ ఉండే డబ్బాకు ఈ రాత్రే ఒక మూత చూడండి.